నల్లజాతి పల్లె చరిత్రను భద్రపరచడం ఎలా: నికోడెమస్ ఆధారంగా ఒక సమగ్ర మార్గదర్శి

అమెరికాలోని కాన్సస్ రాష్ట్రపు వాయవ్య భాగంలో, గ్రహమ్ కౌంటీలో, సాలమన్ నది దక్షిణ పాయకు దగ్గరలో నికోడెమస్ అనే చిన్న ఊరు ఉంది. అంతర్యుద్ధం ముగిసిన పన్నెండేళ్లకు, 1877లో, కెంటకీలో బానిసత్వం నుంచి బయటపడిన నల్లజాతి కుటుంబాలు వచ్చి ఆ మైదానంలో ఈ ఊరు కట్టుకున్నాయి. మరుసటి ఏడు వసంతంలో భర్తతో కలిసి అక్కడికి చేరిన విలియానా హిక్‌మన్, ఊరు వచ్చిందని తోటివారు కేకలు వేసినప్పుడు తనకు ఇల్లన్నది ఒక్కటీ కనబడలేదని, నేలలోంచి పైకి లేస్తున్న పొగలను చూపించి అదే నికోడెమస్ అన్నారని, అక్కడి కుటుంబాలు నేలలో తవ్వుకున్న గుంత ఇళ్లలో ఉంటున్నాయని, అది చూసి తనకు ఏడుపు వచ్చిందని అనేక దశాబ్దాల తరువాత చెప్పింది. నికోడెమస్ గురించి రాసేవారిలో చాలామంది ఈ మాటతోనే మొదలుపెడతారు. ఆ ఊరి పుట్టుకకు సంబంధించి పట్టాలు, జనగణన పట్టికలు, పత్రికల ప్రకటనలు ఉన్నప్పటికీ ఆ పొగను చూసి ఏడ్చిన మనిషి మాట ఆ కాగితాల్లో ఎక్కడా దొరకదు. పెద్ద వయసులో ఆమె చెప్పింది ఎవరో ఒకరు రాసుకున్నారు కాబట్టి అది మిగిలింది.

ఇటువంటి పల్లెల చరిత్రను కాపాడాలనుకునేవారి కోసం, ముఖ్యంగా అమెరికాలో చదువుకుంటూనో గ్రంథాలయాల్లో పనిచేస్తూనో ఈ పనిలో చేయి కలపదలచిన తెలుగువారి కోసం, పనిని ఏ వరుసలో చేయాలో ఇక్కడ వివరిస్తున్నాను. ఆ వరుసకు ఆధారం ఒక్కటే: ఏది ముందు పోతుందో దాన్ని ముందు పట్టుకోవాలి. చాలామంది ఇంట్లో కూర్చుని జనగణన పట్టికలు వెతకడంతో ఈ పని మొదలుపెడతారు. అది సుఖమైన దారే కానీ సరైన దారి కాదని నా నిశ్చితాభిప్రాయం. నూట యాభై ఏళ్లు నిలిచిన దస్త్రం మరో రెండేళ్లు ఆగుతుంది. తొంభై ఏళ్ల మనిషి జ్ఞాపకం ఆగదు.

మొదటి మెట్టు: చరిత్ర ఎవరిదో ముందుగా తేల్చుకోవడం

టేప్ రికార్డరు, స్కానరు కొనక ముందే ఊరివారితో కూర్చుని ఒక ఒప్పందానికి రావాలి. సేకరించినదంతా ఎవరి పేరున ఉంటుంది, అసలు ప్రతులు ఎక్కడ ఉంటాయి, ఏది అందరికీ చూపవచ్చు, ఏది కుటుంబం లోపలే ఉండాలి, ఎవరైనా తరువాత మనసు మార్చుకుంటే ఏం చేయాలి అన్న విషయాలు కాగితం మీదకు రావాలి. బయటి నుంచి వచ్చినవారు ఫొటోలు, బైబిళ్లు, చర్చి పుస్తకాలు అరువుగా తీసుకుని తిరిగి ఇవ్వని అనుభవం నల్లజాతి పల్లెల్లో కొత్తది కాదు కనుక, అనుమానంగా చూసే పెద్దల మీద మనం నొచ్చుకోకూడదు. ఆ అనుమానానికి కారణాలున్నాయి.

నికోడెమస్‌లో ఈ పని నిలబడడానికి ముఖ్య కారణం, ఊరి సంతతివారే చారిత్రక సంఘం పెట్టుకుని పని తమ చేతుల్లో ఉంచుకోవడం. అటువంటి సంఘం లేనిచోట చర్చి పెద్దలు, ఊరు విడిచి నగరాలకు వెళ్లిన కుటుంబాల ప్రతినిధులు కలిసి అయిదారుగురితో ఒక చిన్న కమిటీ వేసుకుంటే చాలు. ఊరు విడిచినవారిని కలుపుకోవడం తప్పనిసరి. ఎందుకంటే 1888లో యూనియన్ పసిఫిక్ రైలు మార్గం నదికి ఆవలి ఒడ్డున పడడంతో నికోడెమస్ దుకాణాలు అటువైపు బోగ్ అనే కొత్త ఊరికి తరలిపోయాయి. 1930ల్లో కరువు, ధూళి తుపానులు మరెన్నో కుటుంబాలను కదిలించాయి. ఊరి చరిత్రలో సగం ఇప్పుడు ఊళ్లో లేదు. వేరే రాష్ట్రాల్లోని ఇళ్ల అటకల మీద, ట్రంకు పెట్టెల్లో ఉంది.

రెండవ మెట్టు: పెద్దల మాట నమోదు చేయడం

ఊరిలోను, ఊరి బయటా ఉన్న పెద్దల జాబితా వయసు వరుసలో రాసుకుని, అందరికంటే పెద్దవారితోనే మొదలుపెట్టాలి. ఆరోగ్యం బాగాలేనివారిని జాబితాలో ఇంకా పైకి తీసుకురావాలి. మంచి రికార్డరు వచ్చాక వెళ్దామని ఆగవద్దు. చేతిలోని ఫోను కూడా పనికి వస్తుంది. అయితే వీలున్నచోట కుదించని వేవ్ ఫైలుగా, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ స్థాయిలో నమోదు చేస్తే ముందుతరాలకు మాట స్పష్టంగా అందుతుంది. గదిలో గోడ గడియారం, ఫ్యాను, టీవీ ఆపించాలి. ఫ్రిజ్‌ను కూడా వారి అనుమతితో ఆపి, మన కారు తాళాలు అందులో పెట్టుకుంటే వెళ్లేటప్పుడు మళ్లీ వేయడం మరిచిపోము.

సంబోధన విషయంలో తెలుగువారు ఒక జాగ్రత్త తీసుకోవాలి. పెద్దవారిని ఆంటీ, అంకుల్ అని పిలవడం మనకు మర్యాద. కానీ అమెరికా దక్షిణాదిలో తెల్లవారు నల్లజాతి పెద్దలకు మిస్టర్, మిసెస్ అనే గౌరవ పదాలు దక్కనివ్వకుండా తరతరాలపాటు వారిని అదే అంకుల్, ఆంటీ మాటలతో, లేదా వట్టి పేరుతో పిలిచారు. కెంటకీ నుంచి కదిలివచ్చిన కుటుంబాల్లో ఆ గాయం జ్ఞాపకంగా మిగిలే ఉంటుంది. అందువల్ల వారే వేరే విధంగా పిలవమని చెప్పేవరకు మిస్టర్ అనో మిసెస్ అనో చేర్చి ఇంటిపేరుతోనే పిలవాలి.

మీ జీవితం గురించి చెప్పండి అని అడిగితే ఎవరికైనా ఏం చెప్పాలో తోచదు. బడి నుంచి ఇంటికి నడిచి వచ్చేటప్పుడు దారిలో ఎవరెవరి ఇళ్లు తగిలేవి, నీళ్లు ఎక్కడి నుంచి మోసేవారు, ఆదివారం చర్చిలో మీ కుటుంబం ఏ బల్ల మీద కూర్చునేది, పంట పండని ఏడాది ఏం తిన్నారు, ఊరిలో మంత్రసాని ఎవరు, అప్పు ఎవరిచ్చేవారు అని అడగాలి. ఒక ఖాళీ కాగితం ఇచ్చి ఊరి పటం గీయమని అడిగితే వచ్చేంత సమాచారం యాభై ప్రశ్నలకూ రాదు. వారు గీస్తూ చెప్పేదంతా రికార్డు కావాలి. గీసిన కాగితంపై తేదీ, పేరు రాసి దాన్నీ దాచాలి. ఒక దఫాలో గంట, గంటన్నర మించి కూర్చోబెట్టకూడదు. మొదటిసారి చెప్పని విషయాలు రెండోసారి చెబుతారు కనుక మళ్లీ వెళ్లేందుకు అనుమతి అడిగి రావాలి. బానిసత్వం గురించి ముత్తాతల నుంచి విన్న మాటలు, ఊరిలోని తగాదాలు, భూమి పోయిన సంగతి వంటివి వారంతట వారు ఎత్తేవరకు తొందరపెట్టకూడదు. ఎత్తాక మాత్రం మధ్యలో అడ్డుపడకూడదు. మౌనంగా ఉన్న క్షణాన్ని మన ప్రశ్నతో పూరించాలనే ఆత్రం ఈ పనిలో అన్నిటికన్నా పెద్ద లోపం.

అంగీకార పత్రం మీద సంతకం మొదట్లోనే కాక, సంభాషణ ముగిశాక కూడా ఒకసారి చదివి వినిపించి తీసుకోవడం న్యాయం. ఏం చెప్పామో తెలిసిన తరువాతే కదా దేనికి ఒప్పుకుంటున్నామో తెలిసేది.

మాటను కాగితం మీద పెట్టేటప్పుడు ఒక పాత తప్పును గుర్తుంచుకోవాలి. 1936 నుంచి 1938 వరకు అమెరికా ప్రభుత్వపు ఉపాధి పథకం కింద రచయితలు బానిసత్వాన్ని అనుభవించి బతికి ఉన్న వృద్ధులను కలిసి 2,300కు పైగా వాంగ్మూలాలు సేకరించారు. అవి అమూల్యమైనవే, కానీ అడిగినవారిలో ఎక్కువమంది తెల్లవారు. ఆ రోజుల భయం వల్ల వృద్ధులు చాలా మాటలు మింగేశారు. రాసినవారు అనేకచోట్ల ఉచ్చారణను వంకరటింకర వర్ణక్రమంతో అతిశయించి, మాట్లాడినవారు తెలివితక్కువవారన్నట్టు కనబడేలా చేశారు. కనుక పదాలను, వాక్య నిర్మాణాన్ని ఉన్నది ఉన్నట్టు ఉంచండి, కానీ మామూలు వర్ణక్రమంలోనే రాయండి. యాసను వినాలనుకునేవారికి రికార్డింగు ఉంది. మొత్తం రాసే తీరిక లేకపోతే, ఎన్నో నిమిషంలో ఏ విషయం, ఏ పేరు వచ్చిందో చూపే సూచిక ఒకటి తయారు చేసినా సరిపోతుంది. రికార్డింగు ప్రతి ఒకటి ఆ కుటుంబానికి నెల తిరగకుండా చేరాలి.

మూడవ మెట్టు: ఇంటి కాగితాలు, ఫొటోలు

కుటుంబ బైబిల్లో రాసుకున్న పుట్టుక, పెళ్లి, చావు తేదీలు, చర్చి కార్యదర్శి పుస్తకాలు, మేసన్ల వంటి సోదర సంఘాల రసీదులు, పొలం లెక్కల పుస్తకాలు, ఉత్తరాలు మొదలైనవన్నీ చరిత్రే. వీటిలో అందరూ తక్కువగా అంచనా వేసేది అంత్యక్రియల రోజు చర్చిలో పంచే కార్యక్రమ పత్రం. పోయినవారి ఫొటో, పుట్టిన ఊరు, తల్లిదండ్రుల పేర్లు, తోబుట్టువులు, పిల్లలు ఎక్కడెక్కడ స్థిరపడ్డారు, ఏ చర్చిలో ఏ బాధ్యత నిర్వహించారు అన్న వివరాలన్నీ రెండు మూడు పుటల్లో ఉంటాయి. ప్రభుత్వం పట్టించుకోని మనుషులకు వారి సొంత చర్చి రాసిన జీవిత చరిత్రలివి. ఒక్కో ఇంట్లో పదుల కొద్దీ దొరుకుతాయి.

నికోడెమస్ సంతతివారు ఏటా జులై చివరి వారాంతంలో విముక్తి ఉత్సవానికి సొంతూరు వస్తారు. 1834 ఆగస్టు 1న బ్రిటిష్ వెస్ట్ ఇండీస్ దీవుల్లో బానిసలకు కలిగిన విముక్తి జ్ఞాపకంగా మొదలైన ఉత్సవమిది. చాలా నల్లజాతి పల్లెలకు ఇటువంటి కలయిక రోజు ఒకటి ఉంటుంది. ఆ రోజున చర్చిలోనో ఊరి హాలులోనో స్కానరు పెట్టుకుని కూర్చుంటే, తెచ్చిన ఫొటోను కళ్లముందే స్కాన్ చేసి అప్పటికప్పుడే తిరిగి ఇచ్చేయవచ్చు. అసలు ప్రతి వారి చేయి దాటి వెళ్లకపోవడం ఇందులోని ముఖ్యమైన మేలు. ఫొటోలను అంగుళానికి 600 చుక్కలకు (డీపీఐ) తగ్గకుండా టిఫ్ ఫైలుగా, రెండు వైపులా స్కాన్ చేయాలి. వెనుక వైపున్న పెన్సిలు రాతే కొన్నిసార్లు ముందున్న ముఖాల కంటే ఎక్కువ చెబుతుంది. ఫొటోలోని వారిని ఎడమ నుంచి కుడికి గుర్తుపట్టి చెబుతున్నప్పుడు రికార్డరు నడుస్తూ ఉండాలి.

అసలు ప్రతులు ఇంట్లోనే ఎలా దాచుకోవాలో కూడా వారికి చెప్పాలి. రబ్బరు బ్యాండ్లు, గుండుసూదులు, పేపరు క్లిప్పులు తీసేయాలి. చిరిగినచోట సెల్లోటేపు అంటించకూడదు, లామినేషన్ ఎన్నడూ చేయించకూడదు. జిగురు పుటల ఆల్బములలోని ఫొటోలను బలవంతంగా ఊడదీయకుండా పుటతో సహా స్కాన్ చేయాలి. ఆమ్లం లేని కాగితపు కవర్లలో ఉంచి, అటక మీదా నేలమాళిగలోనా కాక, ఇంటి మధ్య గదిలోని అల్మారాలో పెట్టాలి. ఫొటో వెనుక రాయవలసి వస్తే మెత్తని పెన్సిలుతో అంచున మాత్రమే రాయాలి.

నాలుగవ మెట్టు: సర్కారు దస్త్రాల్లో వెతకడం

పెద్దలు చెప్పిన పేర్లు చేతిలో ఉన్నప్పుడే దస్త్రాల వెతుకులాట ఫలిస్తుంది. అమెరికా జనగణనలో నల్లజాతివారందరూ తమ తమ పేర్లతో కనబడేది 1870 నుంచే. 1850, 1860 నాటి బానిసల పట్టికల్లో యజమాని పేరు కింద వయసు, లింగం, రంగు మాత్రమే ఉంటాయి. దాదాపు ఎక్కడా పేరు ఉండదు. కనుక నికోడెమస్ కుటుంబాన్ని 1880 కాన్సస్ పట్టికలో పట్టుకుని, అక్కడి నుంచి 1870 కెంటకీకి, ముఖ్యంగా జార్జ్‌టౌన్ ఊరున్న స్కాట్ కౌంటీకి వెనక్కి నడవాలి. అక్కడి నుంచి ఇంకా వెనక్కి వెళ్లేటప్పుడు చాలా నిదానించాలి. పట్టికలో ఇరవై రెండేళ్ల స్త్రీ అని ఉన్నంత మాత్రాన ఆమే మన ముత్తవ్వ అని రాసేయకూడదు. విముక్తులైనవారు చివరి యజమాని ఇంటిపేరే పెట్టుకున్నారన్న ఊహ కూడా చాలాసార్లు తప్పుతుంది.

1890 జనగణన కాగితాలు 1921 నాటి అగ్ని ప్రమాదంలో దెబ్బతిని, దాదాపు పూర్తిగా మనకు దక్కకుండా పోయాయి. అదృష్టవశాత్తూ కాన్సస్ రాష్ట్రం 1875 నుంచి 1925 వరకు పదేళ్లకొకసారి సొంత జనగణన చేసింది. వాటిలో 1885 పట్టిక నికోడెమస్‌కు నిధివంటిది, ఎందుకంటే ఏ రాష్ట్రం నుంచి కాన్సస్‌కు వచ్చారన్న గడి అందులో ఉంది. జాతీయ జనగణన వివరాలను 72 ఏళ్ల తరువాతే బయటపెడతారు కాబట్టి ప్రస్తుతం 1950 వరకే చూడగలం.

విముక్తి తొలినాళ్ల కోసం ఫ్రీడ్‌మెన్స్ బ్యూరో కాగితాలు చూడాలి. విముక్తులైన బానిసలకు సాయపడేందుకు అమెరికా ప్రభుత్వం పెట్టి, 1865 నుంచి 1872 వరకు నడిపిన ఈ శాఖ దస్త్రాల్లో కూలి ఒప్పందాలు, పెళ్లి నమోదులు, ఫిర్యాదులు, బళ్ల నివేదికలు ఉన్నాయి. అంతర్యుద్ధంలో నల్లజాతి దళాల్లో పనిచేసిన సైనికుల పింఛను కట్టలు ఇంకా విలువైనవి. భర్త పోయాక పింఛను కోరిన స్త్రీ తన పెళ్లి ఎప్పుడు, ఎవరి పొలంలో జరిగింది, పిల్లలు ఎంతమంది, తమ యజమాని ఎవరు అన్నవన్నీ సాక్షులతో నిరూపించవలసి వచ్చేది. ఆ విచారణ ఆమెకు ఎంత అవమానకరంగా ఉండేదో చదువుతుంటే తెలుస్తుంది. ఆ వాంగ్మూలం వల్లనే ఆమె మాట మనదాకా వచ్చింది.

నాకు అన్నిటికంటే ఇష్టమైన దస్త్రం భూమికి సంబంధించినది. 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం ప్రకారం 160 ఎకరాల వరకు ప్రభుత్వ భూమిని కోరినవారు దాని మీద అయిదేళ్లు నివసించి, సాగుచేసి, చివరికి ఇరుగుపొరుగు సాక్షులతో రుజువు చూపి పట్టా పొందేవారు. ఆ రుజువు కాగితాల్లో ఇల్లు ఎంత పొడవు వెడల్పు, ఎన్ని తలుపులు, బావి ఉందా, ఎన్ని ఎకరాలు దున్నారు, ఏ పంట వేశారు, ఇంట్లో ఎంతమంది ఉన్నారు అన్న ప్రశ్నలకు జవాబులు ఉంటాయి. పటంలో కనబడని గుంత ఇళ్ల కొలతలు ఇక్కడ దొరుకుతాయి. సాక్షుల పేర్లను బట్టి ఎవరికి ఎవరు నమ్మకస్తులో కూడా తెలుస్తుంది. ఈ కట్టలు వాషింగ్టన్‌లోని జాతీయ ఆర్కైవ్స్‌లో ఉంటాయి. పట్టా వివరాలను, భూమి సర్వే గుర్తులను ముందుగా రాసుకుంటే ప్రతులు తెప్పించుకోవడం సులువు. ఆ తరువాత ఆ భూమి చేతులు మారిన తీరు కౌంటీ దస్తావేజుల్లో చూడాలి. వీలునామా లేకుండా తరాలు మారి, వారసులందరికీ ఉమ్మడిగా మిగిలిన భూములను ఒక్క వాటాదారు నుంచి కొన్నవారు కోర్టు వేలానికి తెచ్చి కాజేసిన ఉదంతాలు నల్లజాతి పల్లెల్లో విస్తారంగా ఉన్నాయి కనుక, మీరు వెలికితీసిన ప్రతి దస్తావేజు నకలును ఆ కుటుంబానికి తప్పక ఇవ్వండి. అది వారికి చరిత్రతోపాటు ఆధారం కూడా.

1880ల్లో నికోడెమస్ నుంచి రెండు పత్రికలు వెలువడ్డాయి. కొత్తవారిని ఊరికి రప్పించడం ఆనాటి ఊరి పత్రికల ప్రధాన కార్యం కాబట్టి పొగడ్తలను తగ్గించి చదవాలి. అయితే ఎవరింటికి ఎవరు చుట్టపుచూపుగా వచ్చారన్న చిన్న కబుర్లను మాత్రం ఒక్కటీ వదలకుండా ఎత్తిరాసుకోవాలి.

అయిదవ మెట్టు: శ్మశానం

శ్మశానంలోకి కొడవలితో కాక కెమెరాతో, కొలతల టేపుతో వెళ్లాలి. ముందు శుభ్రం చేద్దామన్న సదుద్దేశమే ఎన్నో ఆనవాళ్లను చెరిపేసింది. నల్లజాతి సమాధుల మీద చెక్కిన రాయి లేకపోవచ్చు. దాని బదులు ఒక మామూలు బండరాయి, దేవదారు చెట్టు, నేలను కమ్ముకున్న బిళ్లగన్నేరు జాతి తీగ, ఆల్చిప్పలు, పోయినవారు చివరిగా వాడిన పింగాణీ పాత్రలు గుర్తుగా ఉంటాయి. చూసేవారికి చెత్తలా తోచినా వాటిని కదిలించకూడదు. తూర్పు పడమరలుగా సాగిన పల్లపు గుంతలు గుర్తులేని సమాధులు కావచ్చు. పొద్దున, సాయంత్రం ఏటవాలు ఎండలో అవి బాగా కనబడతాయి.

భూమి యజమాని అనుమతి, కుటుంబాల అనుమతి తీసుకున్నాక, ప్రతి సమాధికి ఒక సంఖ్య ఇచ్చి, పటంలో గుర్తించి, రాతను ఉన్నది ఉన్నట్టు ఎత్తిరాయాలి. అక్షరాలు కనబడడానికి సుద్దముక్క, షేవింగ్ క్రీము రుద్దవద్దు. పక్క నుంచి అద్దంతో ఎండ మళ్లిస్తే చాలు. బ్లీచింగు, ఇనుప తీగల బ్రష్షు రాతిని తినేస్తాయి. మంచినీళ్లు, మెత్తని బ్రష్షు తప్ప మరేదీ వాడకూడదు. ఊగుతున్న, పెచ్చులూడుతున్న రాయినైతే ముట్టుకోనే కూడదు.

ఆరవ మెట్టు: కట్టడాలు

నికోడెమస్‌లో అయిదు కట్టడాలు మిగిలాయి: ఏఎంఈ (ఆఫ్రికన్ మెథడిస్ట్ ఎపిస్కోపల్) చర్చి, ఫస్ట్ బాప్టిస్ట్ చర్చి, సెయింట్ ఫ్రాన్సిస్ హోటలు, బడి, 1939లో కట్టిన టౌన్‌షిప్ హాలు. ఊరికి 1976లో జాతీయ చారిత్రక చిహ్నంగా గుర్తింపు వచ్చింది. 1996లో అది జాతీయ చారిత్రక స్థలమై నేషనల్ పార్క్ సర్వీస్ సంరక్షణలో చేరింది. ఇతర పల్లెలు మొదట రాష్ట్ర చారిత్రక పరిరక్షణ కార్యాలయాన్ని సంప్రదించి చారిత్రక స్థలాల జాతీయ రిజిస్టరుకు దరఖాస్తు చేయవచ్చు. సాధారణంగా కట్టడానికి యాభై ఏళ్లు నిండి ఉండాలి. ఈ నమోదు వల్ల గ్రాంట్లకు దారి తెరుచుకుంటుందే తప్ప, సొంతదారు కూల్చాలనుకుంటే ఆపే శక్తి దానికి లేదని ముందే తెలుసుకోవాలి. ఈలోగా చేయగలిగిందల్లా కప్పు కారకుండా చూడడం, నాలుగు వైపులా, లోపలా ఫొటోలు తీయడం, గదుల కొలతలు గీసుకోవడం. మెత్తని సున్నపురాతి గోడల సందులను సిమెంటుతో నింపించవద్దు. సిమెంటు తేమను లోపలే బంధించి రాయిని పగలగొడుతుంది. సున్నపు గారే వాడాలి.

ఏడవ మెట్టు: దాచడం, తిరిగి ఊరికి ఇవ్వడం

ప్రతి ఫైలుకు మూడు ప్రతులు ఉండాలి. అవి రెండు రకాల సాధనాల మీద ఉండాలి, వాటిలో ఒకటి వేరే ఊరిలో ఉండాలి. నార్త్ కరోలినాలోని ప్రిన్స్‌విల్ 1885లో పురపాలక హోదా పొందిన నల్లజాతి పట్టణం. 1999లో ఫ్లాయిడ్ తుపాను వరద దాన్ని ముంచింది, 2016లో మాథ్యూ తుపానుతో మళ్లీ మునిగింది. ఒకే అల్మారాలో ఉన్న చరిత్రకు ఒక్క వరద చాలు. ఫైలు పేరులో సంవత్సరం, ఇంటిపేరు, వరుస సంఖ్య ఉంచి, వివరాలన్నీ ఒక పట్టికలో రాసి, ఆ పట్టికను కాగితం మీద కూడా అచ్చు తీసి ఉంచాలి. ఏడాదికొకసారి హార్డ్ డిస్కులు తెరిచి చూడాలి. విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి ప్రతి ఇవ్వడం మంచిదే, కానీ మొదటి మెట్టులోని ఒప్పందం ప్రకారం హక్కులు ఊరి సంఘానికే ఉన్నాయని ఆ ఇచ్చే కాగితంలో స్పష్టంగా రాయించాలి.

మరుసటి ఏడు ఉత్సవానికి, సేకరించిన పటాన్ని పెద్దదిగా అచ్చువేయించి హాలులో బల్ల మీద పరచాలి. ఎవరూ గుర్తుపట్టలేని ఫొటోల నకళ్లను పిల్లలకూ అందే ఎత్తులో గోడకు వరుసగా పెట్టి, ఒక్కోదాని కింద ఖాళీ కాగితం అంటించి, దారం కట్టిన పెన్సిలు వేలాడదీయాలి. సాయంత్రం ఆ కాగితాలను తీసేటప్పుడు, పేరు రాసినవారిని వెతికి పట్టుకుని వారి ఫోను నంబరు తీసుకోవాలి. తరువాతి సంభాషణలు వారితోనే.